రాముడు పుచ్చుకొన్న రసీదు

శౌచము బహువిధము. నీటిచేత దేహము, సత్యముచేత మనస్సు, జ్ఞానముచేత బుద్ధి శుద్ధినొందునని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. ఈ శౌచములన్నింటిలో అర్థశౌచమే శ్రేష్ఠమని మనువు నిర్ణయము. ధనవిషయమున నిర్మలుడైనవాడే శుచి. మట్టితో రుద్దుకొని నీటితో కడుగుకొన్నంతమాత్రమున శుచి కాడని దాని తాత్పర్యము. ద్వాదశోర్ధ్వపుండ్రములు ధరించుటకు కొలది నిమిషములు చాలును. పదిమంది సొమ్ము చేతిలో నుంచుకొని పదియేండ్లు నిష్కళంకముగా నుండుటకు మాత్రము జన్మమంతయు సాధన కావలెను.

దొంగ పరధనము నపహరించుట పాపమని పసిబాలుడును ఎరుగును. అందు విచారణీయమేమియు లేదు. విచారింపవలసినది వేరొకటి కలదు. పరధనమును కాపాడు బాధ్యతగల భక్తుడు తనకై ఒక కాసైనను వాడుకొనక, ఆ ధనమును భగవత్కైంకర్యమునకే వెచ్చించినచో అది పుణ్యమా, దోషమా? ఈ ప్రశ్న తర్కగోష్ఠికై కల్పించినది కాదు. తెలుగునాట ఇంటింట పాటగా నిలిచిన భక్తరామదాసు జీవితమే ఈ ప్రశ్న. ఆయనను లోకము కీర్తనకారుడుగా స్మరించును. చెరసాలలో విలపించిన భక్తుడుగా స్మరించును. అంతకు ముందు ఆయన ఆలుబిడ్డలుగల గృహస్థుడు. లెక్కలు చూచి వసూళ్లు జరిపి ఖజానాకు జవాబు చెప్పవలసిన ఉద్యోగి. ఆ వైపునుండి ఆ చరిత్రమును ఒకమారు స్మరించుట సంసారులకు ఎంతయు శ్రేయస్కరము.

నేలకొండపల్లి గోపన్న

కంచర్ల గోపన్న జన్మస్థలము నేడు ఖమ్మం జిల్లాలోనున్న నేలకొండపల్లి. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. రఘునాథ భట్టాచార్యుల ఉపదేశముచే రామమంత్రము ఆయన నాలుకపై నిలిచినది. ధర్మపత్ని కమలమ్మ. గోల్కొండ ప్రభువులలో కడపటివాడైన అబుల్ హసన్ కుతుబ్ షా 1672లో సింహాసనమెక్కెను. తానీషా యని లోకము పిలుచునది ఈయననే. ఆయన కొలువున మహామంత్రియై వెలిగిన మాదన్నయు, అతని సోదరుడు అక్కన్నయు గోపన్నకు మేనమామలని సంప్రదాయము. వారి ప్రాపున గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు పదవి లభించెను.

తహసీల్దారనగా ఆ కాలమున ప్రజకును ప్రభువునకును నడుమ నిలిచిన త్రాసుముల్లు వంటివాడు. గ్రామకరణము వ్రాసిన లెక్కను సరిచూచుట, శిస్తు వసూలు చేయించుట, స్థానికవ్యయము పోను మిగిలినది రాజధానికి ఇరసాలు పంపుట ఆయన పని. రైతు చెమటోడ్చి పండించిన గింజ ఆయన కచేరీలో నాణెమగును; ఆ నాణెము గోల్కొండకు పోయి సైనికుని జీతమగును, రాజ్యరక్షణకు పెట్టుబడియగును. 1636 నాటి ఒడంబడిక ననుసరించి గోల్కొండ రాజ్యము మొగలు చక్రవర్తికి ఏటేట రెండు లక్షల హొన్నులు కప్పము చెల్లింపవలసియుండెను. కావున ఖజానాకు రావలసిన ప్రతి నాణెమునకును ముందే ఒక ఖర్చు కాచుకొనియుండెడిది. ఈ సంగతి మరచినచో రామదాసు కథలో ప్రభువు వట్టి క్రూరుడుగను, బాకీ వట్టి నెపముగను కనబడును. అది న్యాయము కాదు.

గోపన్న ఇల్లు అతిథులకు తెరచిన వాకిలి. ఆ ఇంటి ధర్మమెట్టిదో తెలుపు వృత్తాంతమొకటి భక్తచరిత్రలలో కలదు. సంతర్పణము జరుగుచున్న దినమున, వంటశాలవద్ద ఆడుకొనుచున్న చిన్నికుమారుడు కాగుచున్న గంజిలో పడి మరణించెను. ఆ తల్లి చూచినది. కేక వేసినచో విస్తళ్లముందు కూర్చున్న భాగవతులు లేచిపోవుదురు. కడుపులో రగులుచున్న అగ్నిని కొంగుతో కప్పుకొని, అందరి భోజనములు ముగియువరకు ఆమె నోరు విప్పలేదు. అటుపిమ్మట భర్తకు నివేదించినది. గోపన్న శిశువును రాముని సన్నిధిని పరుండబెట్టి ఎలుగెత్తి పాడగా, నిద్రనుండి లేచినట్లు బాలుడు లేచెనని చరిత్ర.

ఈ కథను మహిమకొరకే చెప్పుకొనుట పరిపాటి. మహిమ అటుంచి కమలమ్మను చూడవలెను. పిలిచిన అతిథికి అన్నము పెట్టుట ఆ ఇల్లు చేసిన వాగ్దానము. ఆ వాగ్దానము చెల్లువరకు తన దుఃఖమునకైనను వంతు రాదని ఆ ఇల్లాలు నిర్ణయించుకొన్నది. ఇతరులకు చెల్లవలసినది ముందు, తనది పిమ్మట. లెక్కల పుస్తకమునకు మూలసూత్రమిదియే. ఆ సూత్రమును ఆ ఇంట పాటించి చూపినది ఉద్యోగియైన భర్తకంటె ముందు, వంటయింటి ఇల్లాలు.

భద్రగిరి వ్యయము

గోదావరీతీరమున భద్రగిరిపై శ్రీరామమూర్తిని పోకల దమ్మక్క యను వనవాసి భక్తురాలు కనుగొని, తాటిపండ్లు నివేదించుచు ఆరాధించెనని స్థలకథ. శంఖచక్రములు ధరించి, వామాంకమున సీతమ్మతో, ప్రక్కన లక్ష్మణునితో వెలసిన చతుర్భుజరాముడు ఎండకును వానకును చాలినంత నీడయైన లేక యుండుట గోపన్న చూచెను. చూచినవాడు తిరిగిపోలేకపోయెను. గర్భాలయము, ప్రాకారము, మండపములు, గోపురము లేచినవి. స్వామికి ఆభరణములు సమకూడినవి. మొత్తము ఆరు లక్షలని వాడుక.

ఆ ధనమెక్కడిది? ఒక వాడుక ననుసరించి ప్రజలు ఇచ్చెదమన్న చందాలను నమ్ముకొని ముందుగా సర్కారు సొమ్ము వెచ్చించెను. మరియొక వాడుక ననుసరించి వసూలైన శిస్తునే నేరుగా వెచ్చించెను. ఏది యెట్లున్నను ఖజానాకు చేరవలసిన పైకము చేరలేదనుటలో అందరిదియు ఏకవాక్యతయే. తనకై గోపన్న మేడ కట్టుకొనలేదు. ఇల్లాలికి నగ చేయింపలేదు. ఈ విషయమునను అందరిదియు ఏకవాక్యతయే.

రాజభటులు వచ్చిరి. గోపన్నను గోల్కొండకు కొనిపోయిరి. పన్నెండేండ్లు చెర. నేటికిని గోల్కొండ కోటలో రామదాసు బందిఖానా యని చూపు స్థలమున గోడపై సీతారామలక్ష్మణుల రూపములును, ఆంజనేయుని రూపమును చెక్కబడియుండుట యాత్రికులు చూచుచున్నారు. అచ్చట కొరడా దెబ్బలు తినుచు ఆయన పాడిన కీర్తనలే తెలుగువారికి దక్కిన ఆస్తి. తరువాతి కాలమున త్యాగరాజస్వామి తన కృతులలో రామదాసును భక్తితో స్మరించెను.

ఆ కీర్తనలలో ఇక్ష్వాకుకులతిలకుని పిలిచి పాడినది మిక్కిలి ప్రసిద్ధము. దానిని ఆర్తగీతముగా అందరు నెరుగుదురు. శ్రద్ధగా విన్నచో అదియొక జమాఖర్చు పట్టిక. సీతమ్మకు చింతాకు పతకము, లక్ష్మణునకు ముత్యాల పతకము, భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, రామునకు కలికితురాయి, ప్రాకారమిది, గోపురమిది. ఏది యెవరికి చేయించినది, దేనికెంత పట్టినది, అన్నియు పద్దులవారిగా స్వామికి అప్పజెప్పుచున్నాడు. కోపము వచ్చి నిష్ఠురములాడును; వెంటనే దెబ్బల బాధకు తిట్టితినని క్షమాపణ వేడుకొనును. కాని ఒక్కచోటనైనను తాను ఖర్చు చేయలేదని బొంకడు. ఖర్చు ఇంకొకని పద్దున వ్రాయడు. చెరలో ఆయనకు కాగితము లేదు, కలము లేదు. అయినను తహసీల్దారు తన లెక్క తాను మరువలేదు.

పూర్వపక్షము

ఇచ్చట ఒక వాదము పుట్టును. సమస్తజగత్తును ఈశ్వరునిదే యని ఉపనిషత్తు చెప్పుచున్నది గదా. చేతనాచేతనములన్నియు శ్రియఃపతికి శేషభూతములని శ్రీవైష్ణవసిద్ధాంతము గదా. అట్లైనచో శిస్తు తానీషాది యనుటయే భ్రాంతి. హరి సొమ్మును హరికి వెచ్చించినవానిని దోషియనుట యెట్లు?

వాదము వినసొంపుగా నున్నది. కాని ఇట్టి వాదమును అందరికంటె ముందుగా పట్టుకొనువాడు భక్తుడు కాడు, దొంగ. అంతయు దేవునిదేయైనచో పొరుగువాని ఆవును తోలుకొనిపోవచ్చును. బాలుని ఆస్తిని సంరక్షకుడు తినివేయవచ్చును. దేవుని హుండీలోనే చేయి పెట్టవచ్చును. సమస్తము ఈశ్వరునిదని చెప్పిన ఆ ఉపనిషత్తే, ఆ వెంటనే, పరుల ధనమును కోరవద్దని శాసించుచున్నది. ఈ రెండు మాటలును ఒకే మంత్రములోనివి. మొదటి దానిని పట్టుకొని రెండవదానిని విడుచుట మంత్రమును విరుచుట.

దానమనగా నేమి? తన స్వత్వమును వదలుకొని పరునకు స్వత్వము కలిగించుట యని శాస్త్రజ్ఞుల లక్షణము. తనది కానిదానిపై వదలుకొనుటకు స్వత్వమే లేదు. కావున దానమే సిద్ధింపదు. సర్వము హరిదే. ఆ హరియే లోకమున ఒకనికి పొలము, ఒకనికి రాజ్యము, ఒకనికి తాళపుచెవి అప్పగించెను. తాళపుచెవి పట్టుకొన్నవాడు పెట్టెకు యజమాని కాడు. ఎవని యనుమతి కావలెనో వాని యనుమతి లేక తీసినది, ఎంత మంచి పనికైనను, తీసినదే యగును.

మేనమామ మహామంత్రియై యుండగా గోపన్న పన్నెండేండ్లు చెరలో నుండుట ఈ కథలో ఎంతయు గమనింపదగినది. మంత్రి తలచినచో ఒక పద్దు కొట్టివేయుట, ఒక కవిలె మాయము చేయుట అసాధ్యమా? అట్టిది జరిగినట్లు ఏ చరిత్రయు చెప్పలేదు. చుట్టరికము పదవి నిప్పించినది, బాకీ చెరపలేదు. సిఫారసుతో సర్వము సాధింపవచ్చునని తలచువారికి ఇందొక పాఠము కలదు.

మథుర తలుపులు, గోల్కొండ తలుపులు

ఇక స్వామి యేమి చేసెనో చూడవలెను. ఒకనాటి రాత్రి తేజోవంతులైన ఇద్దరు యువకులు తానీషా శయనాగారమున ప్రత్యక్షమైరి. రామోజీ, లక్ష్మోజీ యని పేర్లు చెప్పిరి. గోపన్న పక్షమున ఆరు లక్షల మొహరీలు కుమ్మరించి, చెల్లు చీటి వ్రాయించుకొనిరి. ఆ రసీదును నిద్రించుచున్న గోపన్న చెంత నుంచి అంతర్ధానమైరి. తెల్లవారినపిమ్మట ప్రభువు నిజము గ్రహించి, స్వయముగా వచ్చి భక్తుని విడిపించెను. రామమాడ యను పేరు ఆ నాణెములవలననే తెలుగునాట నిలిచినది.

ఈ కథ చెప్పనివారు లేరు. రసీదు దగ్గర ఆగి ఆలోచించువారు మాత్రము అరుదు. సర్వశక్తుడైన స్వామికి రసీదుతో పని యేమి?

చెరసాల తలుపులు తెరచుట ఆ స్వామికి క్రొత్త కాదు. మథురలో శ్రీకృష్ణుడు అవతరించిన రాత్రి వసుదేవుని సంకెళ్లు ఊడినవి, తలుపులు తామై తెరచుకొన్నవి, కావలివారు నిద్రించిరి. గోల్కొండలో అట్లేల జరుగలేదు? వసుదేవుడు కంసునికి ఒక్క కాసైనను బాకీ లేడు. అతని చెర కేవలము అధర్మము. అధర్మపు తలుపును స్వామి ఒక్క చూపుతో తెరచెను. గోపన్న చెరకు మూలమొక నిజమైన బాకీ. ఆ తలుపు నిజమైన చెల్లింపుతోనే తెరువబడవలెను. స్వామి ప్రభువు మనస్సును మార్చి మాఫీ చేయింపలేదు. ఖజానా కవిలెలోని పద్దును మాయచేత తుడిచివేయలేదు. అప్పు అప్పుగనే అంగీకరించెను. తన గుడికి, తన నగలకు పట్టిన వ్యయమును తాను తీర్చెను.

మరియొక విశేషము. పన్నెండేండ్లు ఏడ్చి పిలిచినవాడు గోపన్న. దర్శనము కలిగినది తానీషాకు. భక్తునికి దక్కినది తలాపున ఒక కాగితము. ఇది అన్యాయమని రామదాసే వాపోయెనని కథకులు చెప్పుదురు. దీనికి పూర్వజన్మపుణ్యము కారణమని కొందరందురు. వేరొక సమాధానము కూడ కథలోనే కలదు. ఋణము తీర్చువాడు పోవలసినది ఋణదాత ఇంటికి. బాకీ రావలసినవాడు ఎవడో, అతని కులమేది, మతమేది, అతడు తన భక్తుని బాధించెనా యని స్వామి విచారింపలేదు. రావలసినవాడు గనుక అతని గుమ్మము తొక్కెను. ధర్మముగా రావలసిన సొమ్మును అడుగువాని ముఖమున దేవుని చూచుట బహుకష్టము. ఆ కష్టమైన పాఠమునే స్వామి ఆ రాత్రి తన భక్తునికి నేర్పెను.

పన్నెండేండ్లకును పెద్దలొక కారణము చెప్పుదురు. పూర్వజన్మమున గోపన్న ఒక చిలుకను పన్నెండు దినములు పంజరమున నుంచెనట. ఆ పక్షి దినములు మనిషి సంవత్సరములై తిరిగివచ్చినవట. నమ్మువారు నమ్ముదురు. ఈ కథను కూర్చిన భక్తలోకపు హృదయమునందు మాత్రము ఒక నిశ్చయము స్పష్టముగా కనబడుచున్నది: చిలుకకు చేసిన బాకీయైనను చెల్లక తప్పదు.

ఒకే కథ మూడు తావుల

ఇది గోదావరీతీరమునకే పరిమితమైన భావన కాదు. దక్షిణమున తిరుమంగై యాళ్వారు చరిత్ర చూడవలెను. ఆయన చోళరాజునకు లోబడిన మండలాధిపతి. కుముదవల్లి యను కన్యను వివాహమాడగోరగా, వైష్ణవదీక్ష పొంది, ఏడాదిపాటు దినమునకు వేయిన్నెనిమిది మంది భాగవతులకు అన్నము పెట్టవలెనని ఆమె నియమము విధించెను. ఆయన అంగీకరించి చోళునికి చెల్లవలసిన కప్పమును ఆ సమారాధనకు వెచ్చించెను. రాజు బంధించెను. కంచి వరదరాజస్వామి స్వప్నమున కనబడి వేగవతీతీరమున నిక్షేపమును చూపగా, ఆ ధనముతో కప్పము చెల్లించి ఆళ్వారు విముక్తుడయ్యెను.

మహారాష్ట్రమున పండరికి సమీపమునగల మంగళవేఢెలో దామాజీపంతు బీదరు సుల్తానునకు లోబడిన అధికారి. ఘోరమైన కరవు వచ్చెను. ఆకలితో వచ్చినవారిని చూడలేక ఆయన సర్కారు ధాన్యపుకొట్లు తెరచెను. సుల్తాను ఆగ్రహించి పట్టి తెమ్మనెను. విఠ్ఠలుడు సామాన్యుడైన మహారు సేవకుని వేషమున బీదరుకు పోయి, ధాన్యపు వెల చెల్లించి రసీదు పుచ్చుకొనెను. ఆ రసీదు దామాజీ పారాయణము చేయు గీతాగ్రంథమున లభించెనని భక్తచరిత్రలు చెప్పుచున్నవి.

దేశములు వేరు, భాషలు వేరు, కాలములు వేరు. ఒకచో అన్నదానము, ఒకచో కరవుబాధితులు, ఒకచో ఆలయము. దామాజీ చేసిన పనిని ఏ కఠినుడును తప్పుపట్టలేడు. ఆకలిచావును ఆపుటకంటె మించిన రాజధర్మము లేదు. అయినను మూడు కథలలోను స్వామి తప్పించుకొను దారి చూపలేదు, సొమ్ము చెల్లింపజేసెను. భక్తి గొప్పదని ఈ కథలు అంగీకరించుచున్నవి. దాని వలన బాకీ రద్దగునని మాత్రము అంగీకరింపవు. ప్రేమకును లెక్కకును పోటీ పెట్టక, రెండింటిని నిలువబెట్టిన మార్గమిది.

కావున మొదటి ప్రశ్నకు సమాధానమిట్లు తేలుచున్నది. గోపన్న ప్రేమ నిర్దుష్టము. అందుకే స్వామి ఆ గుడిని అంగీకరించెను, ఆ అప్పును తనదిగా నెత్తిన వేసికొనెను. గోపన్న చేత దోషము కలదు. అందుకే పన్నెండేండ్లు గడచినవి. ఆ దోషమును ఆయన దాచలేదు, పారిపోలేదు. భక్తుని దోషమును దోషమనుట ఆయనను తక్కువ చేయుట కాదు. ఏ దోషమును లేనివాడని చెప్పినచో రాముడు తీర్చిన ఋణమునకు అర్థమే లేకపోవును.

దీనినుండి సంసారికి ఒక హెచ్చరికయు కలదు. రామదాసును చూచి తానును అట్లు చేయవచ్చునని ఎవడును తలపరాదు. రసీదు తెచ్చు రాముడు వచ్చునని నమ్మి ఖజానాలో చేయి పెట్టుట భక్తి కాదు, స్వామిని జామీనుగా వ్రాయించుకొనుట. ఆ పన్నెండేండ్లలో బాధపడినది గోపన్న ఒక్కడే కాదు. కమలమ్మ భర్త యుండియు లేనిదై కాలము గడపినది. తండ్రి ఒడిలో పెరుగవలసిన బాలుడు తండ్రి వార్తకై ఎదురుచూచుచు పెరిగెను. కొరడా లెక్కకట్టినది ఒకని వీపున పడిన దెబ్బలను మాత్రమే; ఇంటిలో పడిన దెబ్బలను ఎవరు లెక్కించిరి? సొమ్ము చేతబట్టు ఉద్యోగమున నున్న గృహస్థుడు ఒక పద్దు తప్పు వ్రాయుటకు ముందు, ఆ తప్పునకు వడ్డీ కట్టవలసినవారు ఇంటిలో నిద్రించుచున్నారని తలచుకొనవలెను.

నిక్షేపము

ధర్మశాస్త్రమున నిక్షేపమను మాట కలదు. నమ్మి ఒకని యొద్ద దాచుటకు ఉంచిన సొమ్మది. ఎట్లు పుచ్చుకొన్నాడో అట్లే తిరిగి ఇయ్యవలెనని స్మృతుల శాసనము. శరణాగతికి చెప్పబడిన ఆరంగములలో ఆత్మనిక్షేపమొకటి. జీవుడు తన్ను తాను స్వామి యొద్ద దాచుటకు అప్పగించుటయే అది. వ్యవహారమునకును మోక్షమునకును శాస్త్రము ఒకే మాటను వాడినది. ఇది యాదృచ్ఛికమని త్రోసివేయరాదు. పరుడు నమ్మి తన చేతిలో నుంచిన పది రూపాయలను కాపాడలేనివాడు, తన యాత్మను కాపాడుమని స్వామి చేతిలో నెట్లు పెట్టగలడు? నమ్మకమనగా నేమో తెలిసినవానికే అప్పగింత తెలియును. తన యొద్ద నుంచిన నిక్షేపమును కాపాడుచు కాపాడుచు, కాపాడువాని హృదయమెట్లుండునో గ్రహించినవాడు, స్వామియు తన్నట్లే కాపాడునని నిశ్చింతగా నిద్రింపగలడు.

వాణిజ్యమును, లెక్కలును, ధనవ్యవహారమును ఆధ్యాత్మమునకు ఆటంకములని తలచుట పొరపాటు. మహాభారతము శాంతిపర్వమున జాజలి యను తపస్వికి ధర్మము బోధించినవాడు వారణాసిలో త్రాసు పట్టి సరకులమ్మిన తులాధారుడు. జటలలో పక్షులు గూడు కట్టుకొనువరకు కదలక తపస్సు చేసిన జాజలికి లభింపని జ్ఞానము, అందరికిని సమముగా తూచిన అంగడివానికి లభించినది. తిరుమలలో శ్రీనివాసుడే తన వివాహమునకు కుబేరుని యొద్ద అప్పు చేసి, నేటికిని వడ్డీ చెల్లించుచున్నాడని సంప్రదాయము. వడ్డికాసులవాడని ఆ స్వామిని ముద్దుగా పిలుచు భక్తుడు, తన యప్పును ఎగవేయుట ఎంత విపరీతము!

తెలుగు గృహములలో ముడుపు కట్టు ఆచారము కలదు. ఆపద కలిగినప్పుడు పసుపుగుడ్డలో కాసులు మూటగట్టి దేవునిమూలను ఉంచుదురు. ఇంటిలో బియ్యము నిండుకొన్నను, బిడ్డకు జ్వరము వచ్చినను, ఆ మూట విప్పవలెనను తలపే ఎవరికిని రాదు. అరువు తెచ్చుకొందురు గాని ముడుపు ముట్టరు. కాపలా లేదు, తాళము లేదు, చూచు అధికారి లేడు. అయినను ఆ కాసు పదిలముగా నుండును. అర్థశౌచమునకు వేరొక పాఠశాల అక్కరలేదు. ఆ మూటయందున్న భావమునే పరుల సొమ్మంతటికిని విస్తరింపజేయవలెను.

ఊరిలో ఉత్సవపు చందా దాచినవాడు, సంఘపు కోశాధికారి, బ్యాంకులో కొలువు చేయువాడు, తండ్రి లేని బిడ్డల ఆస్తికి సంరక్షకుడు, ఉమ్మడి కుటుంబమున లెక్క చూచు అన్న, వృద్ధుడైన తండ్రి పింఛను తెచ్చి ఇచ్చు కుమారుడు, వీరందరును తమతమ పరగణాలకు తహసీల్దార్లే. వారి చేతిలోని ప్రతి రూపాయి ఒక ముడుపు. మంచి పనికే యైనను ఒక పద్దునుండి మరియొక పద్దునకు అడుగక మార్చరాదు. అడిగి, అనుమతి పొంది, వ్రాసి, చూపవలెను. లెక్క అడిగినవాని మీద కోపము తెచ్చుకొనరాదు. నమ్మకము లేదా యని నిలదీయరాదు. శ్రీరాముడే చెల్లించి రసీదు పుచ్చుకొనినప్పుడు, సామాన్యుడు రసీదు ఇచ్చుటకు సిగ్గుపడనేల? దైవకార్యమున లెక్క మరింత స్వచ్ఛముగా నుండవలెను. ఇచ్చినవాడు దేవుని ముఖము చూచి ఇచ్చెను గాని, పుచ్చుకొన్నవాని ముఖము చూచి కాదు.

కాలము తన లెక్కను తాను చూచుకొనును. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమయ్యెను. లెక్క అడిగిన ప్రభువు రాజ్యమును కోల్పోయి, శేషజీవితమును దౌలతాబాదు కోటలో బందీగా గడపెను. ఆ ఖజానా లేదు, ఆ కవిలెలు లేవు. నేడు తెలంగాణములోని భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నున్న భద్రాచలమున ఏటేట శ్రీరామనవమినాడు సీతారాముల కల్యాణము జరుగుచున్నది. ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము తానీషా కాలమునుండి వచ్చినదని సంప్రదాయము. ప్రభుత్వములు మారినను ఆ తలంబ్రాలు ఆగలేదు. ఒకనాడు అనుమతి లేక వెచ్చింపబడి చెరకు కారణమైన ప్రభుత్వధనము, నేడు అనుమతితో, మర్యాదతో, అందరి యెదుట స్వామి సన్నిధికి వచ్చుచున్నది. గోపన్న బాకీ అట్లు సంపూర్ణముగా తీరినది.

ఆ కల్యాణమును సేవించు ప్రతి గృహస్థుడును సీతమ్మ కంఠముననున్న చింతాకు పతకమును కన్నులార దర్శించునప్పుడు, దాని వెలను కూడ ఒక్క క్షణము తలచుకొనవలెను. ఆ పతకమును చేయించిన ప్రేమయు, దాని లెక్క మరువని సత్యమును, దాని బాకీ తీర్చిన కరుణయు, ఆ మూడును కలిసినప్పుడే అది స్వామికి ఆభరణమైనది. పరుల సొమ్మును నిప్పువలె కాపాడు ధైర్యమును, తప్పు జరిగినచో ఒప్పుకొను ఋజుత్వమును, ఇంటనున్నవారిని మరువని వివేకమును భద్రగిరినిలయుడు సంసారులందరకును ప్రసాదించుగాక.